విత్తనం ఎవరి ప్రశ్నకు జవాబు?

వానకాలంలో నాట్లు ఆలస్యమై, పైన ముసురు పట్టిందంటే జగిత్యాల చుట్టుపక్కల వరి రైతుకు ఉల్లికోడు భయం పట్టుకుంటుంది. దోమంత ఉండే ఈ ఈగ రాత్రిపూట వరి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లపురుగు ఆకు తడి మీదుగా కిందికి పాకి పిలక మొవ్వులోకి చేరుతుంది. అది తింటూ వదిలే స్రావాల వల్ల ఆకుతొడుగు గొట్టంలా సాగి, ఉల్లికాడలా పైకి పొడుచుకొస్తుంది. ఆ పిలక ఇక కంకి వెయ్యదు. మందు కొడదామంటే పురుగు మొవ్వు లోపల దాగి ఉంటుంది. గొట్టం కంటికి కనబడేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

దీన్ని ఎదుర్కోవడానికి అన్నింటికన్నా నమ్మకమైన దారి విత్తనంలోనే ఉంది. ఉల్లికోడును తట్టుకునే జన్యువులున్న రకం వేస్తే పిల్లపురుగు మొవ్వులో బతకలేదు. అయితే పురుగు కూడా మారుతూ ఉంటుంది. మన దేశంలో ఉల్లికోడులో ఏడు బయోటైపులను, అంటే ఉపరకాలను, శాస్త్రవేత్తలు గుర్తించారు. జగిత్యాలలో కనిపించేది ఒకటి, వరంగల్‌లో కనిపించేది మరొకటి. ఒకచోట నిలబడిన రకం ఇంకోచోట పడిపోవచ్చు. కాబట్టి ఈ నేల పురుగుకు ఈ నేల మీదే జవాబు వెతకాలి. జగిత్యాల పక్కనే పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం చేస్తున్నది ఆ పనే.

బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సన్నబియ్యానికి పెట్టింది పేరు. తినేవాళ్లకు ఇష్టం, మార్కెట్లో ధర ఉంది. కానీ పంట చేతికి రావడానికి దాదాపు 150 రోజులు కావాలి, పైగా ఉల్లికోడుకు సులభంగా లొంగిపోతుంది. వరంగల్‌లో రూపొందిన కావ్య రకానికి ఉల్లికోడును తట్టుకునే శక్తి ఉంది. పొలాస శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ సంకరం చేశారు. ఆ సంతానం నుంచి ఎంపిక చేసిన జేజీఎల్ 1798, జగిత్యాల సన్నాలు అనే పేరుతో పొలాలకెక్కింది. తర్వాత జగిత్యాల సాంబ, జగిత్యాల మసూరి వంటివి ఆ వరసలో వచ్చాయి.

ఈ రకాలు నిలబడ్డాయంటే జన్యుశాస్త్రంతో పాటు రైతుల తీర్పు కూడా కారణం. ఆ తీర్పు పరిశోధనలో ఎక్కడ ప్రవేశిస్తోంది, ఎక్కడ ప్రవేశించాలి అన్నదే ఈ అధ్యాయం విషయం.

చిరుసంచిలో దాగిన శాస్త్రం

ఒక వరి రకం సంకరం దశ నుంచి విడుదల దాకా రావడానికి మామూలుగా పదేళ్ల వరకు పడుతుంది. మొదట పరిశోధనా క్షేత్రంలో వరసలు వరసలుగా నాటి ఎంపిక చేస్తారు. బాగున్నవి 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధనలోకి వెళ్లి, దేశమంతటా రకరకాల నేలల్లో పరీక్షకు నిలుస్తాయి. ఆ తర్వాత చిరుసంచుల దశ వస్తుంది. కొద్ది కిలోల విత్తనాన్ని చిన్న సంచుల్లో రైతులకిచ్చి, వాళ్ల మడిలో, వాళ్ల అలవాటు ప్రకారం పండించమంటారు. పక్క మడిలో రైతు ఎప్పుడూ వేసే రకం ఉంటుంది. రెండూ అదే వానకు తడిసి, అదే గాలికి ఊగుతాయి.

రైతును గౌరవించడానికి పెట్టుకున్న ఆనవాయితీగా దీన్ని చూస్తే సగమే అర్థమవుతుంది. శాస్త్రం దృష్ట్యా ఈ దశ తప్పనిసరి. పరిశోధనా క్షేత్రంలో నేల చదునుగా ఉంటుంది, నీళ్లు వేళకు అందుతాయి, కలుపు వేళకు తీస్తారు. రైతు మడిలో కాలువ నీళ్లు వంతుల వారీగా వస్తాయి, ఒక మూల చవుడు ఉంటుంది, యూరియా దొరికిన రోజే వేస్తారు. ఏ రకమైనా తన గుణంతో పాటు తానున్న పరిసరాన్ని బట్టి కూడా ఫలితమిస్తుంది. క్షేత్రంలో మొదటి స్థానంలో నిలిచిన రకం ఊళ్లో మూడో స్థానానికి జారిపోవచ్చు. ఊళ్లలో పరీక్షించకుండా విడుదల చేస్తే ఆ తేడా రైతుకు అప్పుగా మిగులుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. శాస్త్రవేత్త పట్టికలో ఎకరాకు దిగుబడి, పంటకాలం, తెగుళ్ల శాతం వంటి గడులుంటాయి. రైతు మనసులో ఉండే పట్టిక ఇంకా పెద్దది. కోతల ముందు గాలివాన వస్తే చేను పడిపోతుందా? హార్వెస్టర్ దిగేసరికి గింజ రాలిపోతుందా? గడ్డి పశువు తింటుందా? మిల్లులో నూక ఎంత? పొద్దున వండిన అన్నం సాయంత్రానికి గట్టిపడుతుందా? నాటు వేసే, కలుపు తీసే ఆడవాళ్లనూ, ఇంట్లో వండేవాళ్లనూ అడిగితే మరికొన్ని గడులు చేరతాయి.

ఈ పెద్ద పట్టికను పరిశోధన గంభీరంగా తీసుకుంటే ఏమవుతుందో 1990లలో గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ సరిహద్దుల్లోని గిరిజన గ్రామాలు చూపించాయి. అక్కడ జె.ఆర్. విట్‌కోంబ్, అరుణ్ జోషి వంటి పరిశోధకులు రకాలను రైతుల ముందు పెట్టి ఎంచుకోమన్నారు. రైతులు ఇష్టపడ్డ వరి కళింగ-3. అది ఒడిశా రకం, ఆ జిల్లాలకు అధికారికంగా ఎవరూ సిఫారసు చెయ్యలేదు. త్వరగా పండుతుంది, గింజ బాగుంటుంది కాబట్టి మెట్ట రైతులకు నచ్చింది. చేను పడిపోతుందన్న లోపాన్ని కూడా వాళ్లే చెప్పారు. ఆ మాట విని పరిశోధకులు కళింగ-3నే ఒక జనకంగా తీసుకుని కొత్త సంకరం చేశారు. అశోక పేరుతో వచ్చిన మెట్ట వరి రకాలు ఆ సంకరం నుంచి పుట్టినవే. ఇక్కడ రైతు అభిప్రాయం ఫలితాన్ని మెచ్చుకోవడంతో ఆగిపోలేదు, తర్వాతి ప్రయోగాన్ని నిర్ణయించింది.

ఎనిమిది మెట్లలో మన మెట్టు ఏది?

ప్రజల భాగస్వామ్యాన్ని కొలవడానికి అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి ప్రతిపాదించారు. అడుగు మెట్లలో ప్రజలను తమ దారికి తెచ్చుకునే ప్రయత్నాలుంటాయి. మూడో మెట్టు సమాచారం చెప్పడం, నాలుగోది అభిప్రాయం అడగడం. నిజమైన భాగస్వామ్యం ఆరో మెట్టు దగ్గర మొదలవుతుంది. అక్కడ నిర్ణయంలో వాటా ఉంటుంది.

మన వ్యవసాయ పరిశోధనను ఈ నిచ్చెన మీద నిలబెట్టి చూద్దాం. ఉత్తర తెలంగాణ మండలానికి పొలాస కేంద్రం. ఇక్కడ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలు జరుగుతాయి. శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులతో పాటు కొందరు అభ్యుదయ రైతులు కూర్చుని గత సీజన్ కష్టాలు, రాబోయే సీజన్ సిఫారసులు మాట్లాడుకుంటారు. ఏరువాక కేంద్రాలు పొలాల నుంచి సమాచారం తెస్తాయి. 2025 వేసవిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతు ముంగిట్లో శాస్త్రవేత్తలు కార్యక్రమాన్ని ఊరూరా నడిపింది. ఇవన్నీ విలువైనవి. కానీ వీటిలో చాలావరకు మూడో మెట్టు, నాలుగో మెట్టు దగ్గరే ఉన్నాయి. ఏ ప్రశ్న మీద పదేళ్లు పనిచేయాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి అన్న చోట రైతుకు ఓటు లేదు. ఆ సమావేశాలకు కౌలు రైతు, కైకిలి చేసే ఆడమనిషి వచ్చే అవకాశం మరీ తక్కువ. సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుడు పొలం చెయ్యడు, అయినా ఆ పరిశోధన ఫలితాన్ని రోజూ కంచంలో తింటాడు. ఆయన్ను ఏ మండలీ పిలవదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో యాసంగి వడ్లు చెప్పాయి. యాసంగి వరి ఎండలు ముదిరే ఏప్రిల్‌లో పండుతుంది. పగటి వేడికి గింజ వేగంగా తేమ కోల్పోయి లోపల సన్నటి పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. వడ్లు ఉడికించి ఆడిస్తే పగుళ్లు అతుక్కుంటాయి కాబట్టి మిల్లర్లు ఉప్పుడు బియ్యం చేసేవారు. 2021లో ఆ బియ్యం ఇక తీసుకోలేమని కేంద్రం చెప్పడంతో, యాసంగిలో వరి వెయ్యొద్దని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు చెప్పాల్సి వచ్చింది. నూక శాతం లెక్క తేల్చడానికి టెస్ట్ మిల్లింగులు మొదలయ్యాయి. యాసంగి గింజ పగులుతుందన్న సంగతి రైతుకూ మిల్లరుకూ ఏనాటినుంచో తెలుసు. అది రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది మాత్రం కొనుగోళ్లు ప్రశ్నార్థకమయ్యాకే.

సన్నాల కథ కూడా ఇలాంటిదే. 2020 వానకాలంలో నియంత్రిత సాగు పేరుతో సన్నరకాలు వెయ్యమని ప్రభుత్వం కోరింది. సన్నాలకు పెట్టుబడి ఎక్కువ, దిగుబడి దొడ్డు రకాలకన్నా తక్కువ, మద్దతు ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జగిత్యాల ప్రాంత రైతులు రోడ్డెక్కి ఎక్కువ ధర అడిగారు. 2024 వానకాలంలో సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలైంది. ప్రజల కంచం ఏం కోరుతోంది, రైతుకు ఎంత గిట్టుబాటవుతుంది అన్న రెండు లెక్కలూ సాగు సలహా ఇచ్చే ముందే బల్ల మీద ఉంటే ఆ మధ్య సీజన్ల నష్టం కొంతైనా తప్పేది.

బ్యాలెట్టు మీదికెక్కిన పసుపు

జగిత్యాల, కోరుట్ల అసెంబ్లీ స్థానాలు నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. 2019 ఏప్రిల్ 11న అక్కడ జరిగిన పోలింగ్‌లో 185 మంది అభ్యర్థులు నిలిచారు. వాళ్లలో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నది వాళ్ల డిమాండ్. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు అమర్చాల్సి వచ్చింది.

ఈ సంఘటనను రాజకీయ వార్తగానే చదివితే అందులోని శాస్త్రం మనకు కనిపించదు. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు నేలను పట్టుకుని ఉంటుంది. దుంపకుళ్లు వస్తే ఒక్క వానకాలంలో చేను కూలిపోతుంది. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పట్టాలి. ప్రతి దశకూ కూలి, కట్టె, పరదా కావాలి. అమ్మేటప్పుడు కొమ్ము రంగు, పొడవు, తేమ చూసి ధర కడతారు. ఎగుమతిదారులకు, మందుల కంపెనీలకు కావాల్సిన కర్క్యుమిన్ శాతం మాత్రం కంటితో చూస్తే తెలియదు. అంటే రైతుల ఆవేదనలో కనీసం నాలుగు పరిశోధన ప్రశ్నలున్నాయి: తక్కువ కాలపు రకం, దుంపకుళ్లును తట్టుకునే రకం, ఖర్చు తగ్గించే ఉడకబెట్టే పద్ధతి, యార్డులోనే నాణ్యత కొలిచే సాధనం. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉంది. జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబర్‌లో ఏర్పడి, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ఒక పంట గురించి 178 మంది నామినేషన్లు వేయాల్సి వచ్చిందంటే, ఆ మాట చెప్పుకోవడానికి అంతకన్నా దగ్గరి వేదిక వాళ్లకు దొరకలేదని అర్థం. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు ఆ ప్రశ్నలను ఏటా నేరుగా శాస్త్రవేత్తల ముందు పెట్టి, మరుసటి ఏడు జవాబు అడిగే ఏర్పాటు చేయడమే బోర్డుకు మొదటి పరీక్ష.

అల్‌గోల్‌లో కూర్చున్న న్యాయపీఠం

అలాంటి వేదిక సాధ్యమేనని మన నేల మీదే ఒకసారి రుజువైంది. 2001 జూన్ 25 నుంచి జులై 1 వరకు జహీరాబాద్ దగ్గరి అల్‌గోల్ గ్రామంలో ప్రజాతీర్పు జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మూడు ప్రాంతాల నుంచి వచ్చిన సన్నకారు, చిన్నకారు రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ అధ్యక్షతన ఒక పర్యవేక్షక బృందం ప్రక్రియ సజావుగా సాగేలా చూసింది.

వాళ్ల ముందు మూడు భవిష్యత్తులు పెట్టారు. మొదటిది 1999లో ప్రభుత్వం ప్రకటించిన విజన్ 2020: యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు, వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ పంటలు. మూడోది స్థానిక స్వావలంబన. ప్రభుత్వం, విత్తన కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థల నుంచి సాక్షులు వచ్చారు. జ్యూరీ వాళ్లను ప్రశ్నించింది, సొంతంగా చర్చించుకుంది, తీర్పు రాసింది. ఊళ్ల నుంచి జనాన్ని కదిలించే యాంత్రీకరణ, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు, ఔషధ మొక్కల ఎగుమతి వద్దంది. నేల ఆరోగ్యం, రకరకాల పంటలు, చెట్లు, పశువులు, స్థానిక జ్ఞానం మీద నిలబడే వ్యవసాయం కావాలంది.

నివేదిక 2002లో వెలువడ్డాక వివాదం లేచింది. రాష్ట్ర ప్రభుత్వానికి సాయం చేస్తున్న బ్రిటన్ సంస్థ డీఎఫ్‌ఐడీ, కొద్దిమంది రాష్ట్రం మొత్తానికి ప్రతినిధులెలా అవుతారని అడిగింది. ఈ ప్రశ్నకు గౌరవంగా జవాబు చెప్పాలి. జ్యూరీ ఓటింగు లాంటిది కాదు. రాష్ట్రంలో ఎంత శాతం మంది ఏమనుకుంటున్నారో అది చెప్పదు. మామూలు మనుషులకు సమయం, సమాచారం, ప్రశ్నించే హక్కు ఇస్తే ఆలోచించి ఏ నిర్ణయానికి వస్తారో చెబుతుంది. డెన్మార్క్‌లో 1987 నుంచి ఏకాభిప్రాయ సదస్సులు ఈ పద్ధతిలోనే నడిచాయి. వాటిలో మొదటిది జన్యు సాంకేతికత మీదే. కర్ణాటకలో 2009లో జరిగిన రైత తీర్పులో వ్యవసాయ పరిశోధన ఎలా ఉండాలన్నదాని మీదే రైతులు తీర్పు చెప్పారు. అల్‌గోల్ తీర్పుతో ఏకీభవించనివాళ్లు కూడా ఆ పద్ధతి నుంచి నేర్చుకోవచ్చు.

శాస్త్రాన్ని ఓటుకు పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఉల్లికోడు బయోటైపులు ఎన్ని అన్నది చేతులెత్తి తేల్చే విషయం కాదు. ఒక మందు అవశేషం గింజలో ఎంత మిగిలిందో ప్రయోగశాలే చెప్పాలి. అయితే ఆ మాత్రం అవశేషాన్ని భరిద్దామా వద్దా, ఆ మందు లేని సాగు మీద పరిశోధన చేద్దామా అన్నవి విలువలకు సంబంధించిన ప్రశ్నలు. వాటిలో శాస్త్రవేత్త మాటకు ఎంత బరువుందో, తినేవాళ్ల మాటకూ అంతే బరువు ఉండాలి.

జన్యుమార్పిడి పంట అయిన బీటీ వంకాయ విషయంలో దేశం ఈ తేడాను ప్రత్యక్షంగా చూసింది. 2010 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 6 వరకు అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. సుమారు 8 వేల మంది పాల్గొన్నారు. ఫిబ్రవరి 9న దాని విడుదలపై మారటోరియం (తాత్కాలిక నిలిపివేత) ప్రకటించారు. ఆ సభల్లో అరుపులున్నాయి, అతిశయోక్తులున్నాయి. వాటితో పాటు, దీర్ఘకాల భద్రతా పరీక్షలు స్వతంత్రంగా ఎవరు చేశారు, వంకాయకు పుట్టిల్లయిన దేశంలో నాటు రకాలు ఏమవుతాయి అన్న పదునైన ప్రశ్నలూ ఉన్నాయి. ఆ ప్రశ్నలన్నీ పంట తయారయ్యాక అడగడం వల్లే అది అంత ఘర్షణగా మారింది. మొదటి మొక్క కుండీలో ఉన్నప్పుడే అడిగి ఉంటే పరిశోధన దారే వేరుగా ఉండేదేమో.

పర్యావరణంలోనూ ఇదే లోపం. పెద్ద పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణను చట్టం తప్పనిసరి చేసింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. నీటి లెక్కలు, గాలి లెక్కలు ఉండే అసలు నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తయారీ విస్తరణ కోసం 2021లో ఆ పరిశ్రమలకు నిబంధనలు మరింత సడలించారు. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో ఇథనాల్ పరిశ్రమ ప్రతిపాదనను చుట్టుపక్కల గ్రామస్థులు గట్టిగా వ్యతిరేకించారు. నీళ్లు ఎంత తోడతారు, వ్యర్థాలు ఎటు పోతాయి అని ఒక ఊరు అడిగితే అది శాస్త్రీయమైన ప్రశ్నే. ఊరికి అర్థమయ్యే భాషలో, ఊరు సరిచూసుకోగల అంకెలతో జవాబివ్వడం శాస్త్రం బాధ్యత.

నీళ్లు కొలిచే చేతులు

అభిప్రాయం చెప్పడాన్ని దాటి, ప్రజలే కొలిచే దశ ఒకటుంది. సిరిసిల్ల ప్రాంతంలో అడుగున ఉన్నది గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలో, పైనున్న మెత్తటి పొరలో మాత్రమే నిలుస్తాయి. మధ్య మానేరు జలాశయం నిండి, చెరువులు నిండాక రాజన్న సిరిసిల్ల జిల్లాలో భూగర్భ జలమట్టం సుమారు 6 మీటర్లు పెరిగింది. 2020లో ముస్సోరీ ఐఏఎస్ శిక్షణ కేంద్రం దీన్ని పాఠంగా తీసుకుంది. నీళ్లు పైకి రాగానే వరి విస్తీర్ణమూ పెరిగింది. మరో కరువు వస్తే ఈ నిల్వ ఎన్ని ఎకరాలను ఆదుకుంటుందో ప్రతి ఊరికీ తెలియాలి.

తెలుసుకునే పద్ధతి ఉంది. 2003 నుంచి దాదాపు ఏడేళ్లు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భ జల నిర్వహణ పథకం సాగింది. నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా అందులో ఉన్నాయి. 638 గ్రామాల రైతులు రోజూ వాన కొలిచారు, రెండు వేలకు పైగా పరిశీలన బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచి గోడ మీద రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, కురిసిన వానలో నేలలోకి ఇంకిందెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, మక్కకు అందులో సగం చాలు. ఎవరికీ నిషేధం పెట్టలేదు, ఎవరికీ నగదు ఇవ్వలేదు. లెక్క కళ్లముందుకొచ్చాక చాలామంది తామే వరి తగ్గించుకున్నారు. చదువురాని చేతులు కూడా నికార్సైన దత్తాంశాన్ని సేకరించగలవని ఆ గోడలు నిరూపించాయి.

చెయ్యాల్సిన పని

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు కావలసినవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. పొలాసలో శాస్త్రవేత్తలున్నారు, జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ వ్యవసాయ కళాశాలలున్నాయి, ప్రతి క్లస్టర్‌లో రైతు వేదిక ఉంది. సంకరానికి జనకాలను ఎంచుకునే ముందే రైతులు, కూలీలు, మిల్లర్లు, వండేవాళ్లతో ఒక జ్యూరీ కూర్చోవాలి. అందులో సగం మంది ఆడవాళ్లుండాలి, కౌలు రైతులకు చోటుండాలి, కూలి పోయిన రోజుకు డబ్బు ఇవ్వాలి. చిరుసంచి ఫలితాలు, రైతులు ఇష్టపడని కారణాలతో సహా, తెలుగులో వేదిక గోడ మీద ఉండాలి. పసుపు రైతులడిగిన ప్రశ్నల్లో ఈ ఏడు ఎన్నింటి మీద పని మొదలైందో బోర్డు ఏటా చెప్పాలి. సిరిసిల్ల ఊళ్లలో బావి నీటిమట్టాన్ని బడిపిల్లలూ రైతులూ కొలవాలి, వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఆ అంకెలతో పంటల లెక్క కట్టివ్వాలి.

వీటిలో ఏదీ శాస్త్రవేత్త అధికారాన్ని తగ్గించదు. ఆయన ప్రయోగానికి సరైన ప్రశ్న దొరుకుతుంది, సరైన పొలం దొరుకుతుంది, ఫలితాన్ని నమ్మే జనం దొరుకుతారు. ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధనలో మొదటి ప్రశ్న వేసే హక్కు ప్రజలకుంది. ఆ హక్కును అడిగి తీసుకోవడం కూడా సేద్యంలో భాగమని మనం ఇప్పుడైనా గుర్తించాలి.